సవాలు – జవాబు : చట్టసభలలో లిఖిత ప్రశ్నల విలువ

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దల మాట. ఇంటి ముచ్చటగా చెప్పుకొను ఈ సామెత ప్రజాప్రభుత్వ విషయమున అక్షరాల నిజము. ఒక గ్రామమునకు మంజూరైన సొమ్ము ఎంత, అందులో వ్యయమైనది ఎంత, మిగిలిన పని ఎన్నటికి పూర్తియగును అను విషయములు కార్యాలయముల దస్త్రములలో భద్రముగా ఉండును. అడుగువారు లేనిచో అవి అచ్చటనే ఉండిపోవును. ప్రజల పక్షమున వాటిని అడిగి తెలిసికొనుటకు మన ప్రతినిధుల చేతిలో ఉన్న సాధనములలో ప్రశ్న ముఖ్యమైనది.

తెలుగువారు ‘జవాబు’ అను మాటను, దానితోపాటు ‘జవాబుదారీ’ అను మాటను ఉర్దూ ద్వారా గ్రహించి సొంతము చేసికొనిరి. ‘సవాల్’ అనగా ఉర్దూలో ప్రశ్న. తెలుగులోనికి వచ్చినపిదప అదే మాట పందెమునకు పిలుపు అను అర్థమును పొందినది. చట్టసభలో సభ్యుడు మంత్రిని అడుగు ప్రశ్నకు ఈ రెండు అర్థములును చెల్లును. అది సమాచారమును కోరును. సమాచారము ఇయ్యగలవా యని నిలదీయును. ఉభయ భాషలను అభ్యసించు మన కళాశాల విద్యార్థులకు ఈ విషయము ప్రత్యేకముగా రుచించునని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

రాజ్యాంగము 75వ అధికరణము కేంద్ర మంత్రివర్గమును లోక్‌సభకు సమష్టిగా బాధ్యులను చేసినది. 164వ అధికరణము రాష్ట్ర మంత్రివర్గమును శాసనసభకు అట్లే బాధ్యులను చేసినది. ఈ బాధ్యత ఐదేండ్లకొకమారు వచ్చు ఎన్నికలతో తీరిపోదు. సభ కూడిన దినములలో మంత్రులు ప్రశ్నలకు సమాధానము చెప్పుచుండుటవలన అది నిత్యము నెరవేరవలెను. అందులో నోటిమాటగా జరుగు ప్రశ్నోత్తరములు పత్రికలకెక్కును. వ్రాతపూర్వకముగా అడిగి వ్రాతపూర్వకముగా పొందు జవాబులు సాధారణముగా ఎవరి కంటనూ పడవు. ఐనను మన వంటి కరువు సీమలకు మిక్కిలి ఉపయోగపడునవి ఆ లిఖిత ప్రశ్నలే. వాటి స్వరూపమును, వాటిని చదువు విధమును, వాటినుండి ఫలము రాబట్టు మార్గమును క్రింద వివరింతును.

హక్కు లభించిన విధము

బ్రిటిషు పార్లమెంటులో మంత్రులను ప్రశ్నించు ఆచారమునకు 1721వ సంవత్సరమును మొదలుగా చెప్పుదురు. సౌత్ సీ కంపెనీ వాటాల వ్యవహారమున వేలకొలది జనుల సొమ్ము మునిగిన కాలమది. ఆ కంపెనీ కోశాధికారి దేశము విడిచి పారిపోయి విదేశమున పట్టుబడెనను వదంతి నిజమేనా యని కౌపర్ ప్రభువు ప్రభువుల సభలో అడిగెను. గ్రంథస్థమైన ప్రశ్నలలో ఇది మొదటిది.

మన దేశమున 1861 నాటి కౌన్సిళ్ల చట్టము సభ్యులకు ప్రశ్నించు హక్కును ఇయ్యలేదు. 1892 నాటి చట్టము మొదటిసారిగా ఆ హక్కును ఇచ్చినది. దాని ననుసరించి 1893 ఫిబ్రవరి 16వ తేదీన భింగా రాజా గవర్నరు జనరలు శాసన మండలిలో మొదటి ప్రశ్నను అడిగిరి. పర్యటనకు వచ్చు ప్రభుత్వాధికారుల బిడారములకు సరకులు సమకూర్చు పద్ధతివలన గ్రామములలోని దుకాణదారులు పడు కష్టములను గూర్చినది ఆ ప్రశ్న. సామ్రాజ్యపు మహా సమస్యలెన్నియో ఉండగా, మన చట్టసభల చరిత్రలో తొలి ప్రశ్న చిన్న దుకాణదారుని తరపున అడుగబడుట గమనింపదగినది.

నాడు ప్రశ్న అడిగినవారు జవాబు విని ఊరకుండవలసినదే. 1909 సంస్కరణలు ప్రశ్న వేసిన సభ్యునికి అనుబంధ ప్రశ్న అడుగు వీలు కల్పించినవి. 1919 సంస్కరణల పిదప ఇతర సభ్యులకు కూడ ఆ అవకాశము లభించినది. స్వాతంత్ర్యానంతరము ఈ హక్కు సంపూర్ణమైనది.

దాని బలము 1957లో దేశమునకు తెలిసినది. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అను వ్యాపారి కంపెనీల వాటాలను కొనిన విషయమై లోక్‌సభలో రాం సుభగ్ సింగ్ మొదలగు సభ్యులు ప్రశ్నలు వేసిరి. ఫిరోజ్ గాంధీ ఆ విషయమును చర్చకు తెచ్చిరి. ఎం. సి. ఛాగ్లా విచారణ జరిపిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి. టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసివచ్చినది. పాలక పక్షమునకు చెందిన సభ్యులే పాలక పక్షపు మంత్రిని ప్రశ్నించిరనుట ఇందలి విశేషము. నాడు స్పీకరు పీఠమున ఉన్నవారు తిరుపతి సమీపమున తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు.

ప్రశ్నను అనుమతించుటయో నిరాకరించుటయో స్పీకరు అధికారములోనిది. ఆ పీఠమునకు మన అనంతపురము మండలమునకును సంబంధము కలదు. ఇల్లూరు గ్రామవాసి నీలం సంజీవరెడ్డి గారు 1967లో హిందూపురము నియోజకవర్గము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1967 నుండి 1969 వరకును, మరల నంద్యాల నుండి ఎన్నికై 1977లో కొంతకాలమును స్పీకరుగా పనిచేసిరి. నేడు మన గోరంట్ల ఆ హిందూపురము లోక్‌సభ నియోజకవర్గములోనిదే.

ప్రశ్నలలోని తరగతులు

లోక్‌సభ నియమావళిలో ప్రశ్నలు ముఖ్యముగా మూడు తరగతులు. మొదటిది నక్షత్రపు గుర్తు గల ప్రశ్న. దీనికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. రెండవది గుర్తు లేని ప్రశ్న. దీనికి జవాబు వ్రాతపూర్వకముగా సభ బల్లపై ఉంచబడును. అనుబంధ ప్రశ్నలకు తావు లేదు. మూడవది స్వల్ప వ్యవధి ప్రశ్న. అత్యవసరమైన ప్రజా విషయములకు మాత్రమే ఇది వర్తించును.

ఒక దినపు పట్టికలో నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలు 20కి మించవు. ఉన్నది ఒక గంట కాలము. మంత్రి జవాబు, అనుబంధ ప్రశ్నలు, నడుమ వచ్చు అల్లరి, అంతయు ఆ గంటలోనే. కావున పెక్కు దినములలో నాలుగైదు ప్రశ్నలు దాటుట కష్టము. మిగిలిన వాటి జవాబులు కూడ వ్రాతరూపమున బల్లపైకి చేరును. గుర్తు లేని ప్రశ్నలైనచో దినమునకు 230 వరకు ఉండును. అనగా సభ స్తంభించిన దినమున కూడ వందలాది జవాబులు దేశమునకు అందుచుండును. మంత్రి వాక్చాతుర్యమునకు గాని ప్రతిపక్షపు కేకలకు గాని అందులో చోటు లేదు. అంకెలు, తేదీలు, అవును, కాదు అనునవి మాత్రమే ఉండును. లిఖిత ప్రశ్న విలువ ఇచ్చటనే ఉన్నది.

ప్రశ్న చేయు ప్రయాణము

సభ్యుడు లోక్‌సభ ప్రశ్నకు సాధారణముగా పదునైదు దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. శాఖలకు వారములోని దినములు పంచబడి ఉండును. ఏ శాఖ ప్రశ్న ఆ శాఖ దినముననే వచ్చును. నోటీసులు అధికముగా ఉండుటచే వాటి వరుసను చీట్లు తీసి నిర్ణయింతురు. సభా సచివాలయము ప్రశ్న నియమములకు లోబడి ఉన్నదా యని పరిశీలించును. పిమ్మట అది శాఖకు చేరును.

రాష్ట్ర శాసనసభ ప్రశ్న కూడ ఇట్లే సచివాలయము నుండి శాఖాధిపతికి, అచ్చటినుండి జిల్లా కలెక్టరుకు, ఆపైన మండల కార్యాలయమునకు దిగివచ్చును. కార్యాలయ సిబ్బంది దీనిని ‘ఎల్. ఏ. క్యూ.’ అందురు. ఎల్. ఏ. క్యూ. వచ్చినదన్నచో తక్కిన పనులు పక్కకు పోవును. నెలల తరబడి కట్ట విప్పని దస్త్రము విప్పబడును. చెరువునకు తూములు ఎన్ని, పాఠశాలకు గదులు ఎన్ని అని లెక్క వేయుదురు. జవాబు అదే మార్గమున పైకి పోయి మంత్రి ఆమోదము పొంది సభకు చేరును. కాబట్టి ఒక ప్రశ్న జవాబును రాబట్టుటకు ముందే కొంత మేలు చేయును. తమ పనిని ఎవరో గమనించుచున్నారను స్పృహ క్రింది కార్యాలయము వరకు వ్యాపించును.

ప్రశ్న వ్రాయు తీరు

లోక్‌సభ నియమావళి ప్రకారము ప్రశ్న 150 మాటలకు మించరాదు. అందు వాదనలు, ఊహలు, వ్యంగ్యములు, నిందలు, విశేషణములు ఉండరాదు. మంత్రి అభిప్రాయమును అడుగరాదు. జరుగని విషయమును జరిగినట్లు కల్పించి అడుగరాదు. పైకి చూచినచో ఇవి సభ్యుని నోరు కట్టివేయు నిబంధనలవలె కనిపించును. నిజమునకు ఇవి ప్రశ్నను పదునుపెట్టు ఆకురాయి వంటివి.

ఊహకొక ఉదాహరణము చెప్పుదును. ఒక సభ్యుడు ఇట్లు అడిగెననుకొనుడు: “గోరంట్ల ప్రాంతమున ఉర్దూ విద్యను ప్రభుత్వము ఘోరముగా నిర్లక్ష్యము చేయుచున్న మాట వాస్తవమేనా? ఈ అన్యాయమును ఎప్పుడు సరిదిద్దుదురు?” వినుటకు ఈ మాటలు వీరోచితముగా ఉన్నవి. ఐతే దీనికి జవాబు వ్రాయుట గుమాస్తాకు మిక్కిలి సులభము. మొదటి భాగమునకు “లేదు” అనియు, రెండవ భాగమునకు “ప్రశ్న ఉత్పన్నము కాదు” అనియు వ్రాసి ఊరకుండవచ్చును. అడిగినవారికి ఒక్క అంకె కూడ లభింపదు.

అదే విషయమును మరియొక విధముగా అడిగి చూడుడు:

“పాఠశాల విద్యాశాఖ మంత్రి దయచేసి తెలియజేయుదురా:

(అ) శ్రీ సత్యసాయి జిల్లాలో ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలు మండలముల వారీగా ఎన్ని; వాటిలో మంజూరైన ఉపాధ్యాయ పదవులు ఎన్ని; నేడు ఖాళీగా ఉన్నవి ఎన్ని;

(ఆ) గడచిన మూడు విద్యా సంవత్సరములలో సంవత్సరము వారీగా భర్తీ అయిన ఖాళీలు ఎన్ని;

(ఇ) మిగిలిన ఖాళీల భర్తీకి నిర్ణయించిన గడువు ఏది. గడువు నిర్ణయింపనిచో అందుకు కారణములేవి?”

ఇందు ఒక్క విశేషణము లేదు. ఐనను తప్పించుకొనుటకు దారి లేదు. మండలముల వారీగా అనుటచే జిల్లా మొత్తపు అంకె చాటున ఒక మండలపు లోటు దాగదు. సంవత్సరము వారీగా అనుటచే పరిస్థితి మెరుగగుచున్నదో తరుగుచున్నదో తెలియును. చివరి భాగమున గడువు చెప్పినచో అది మాట ఇచ్చుట యగును. చెప్పనిచో కారణము చెప్పవలసివచ్చును. ఆవేశము సభా వేదికపై పనికివచ్చును గాని లిఖిత ప్రశ్నకు కావలసినది లెక్క.

ఇచ్చట ఒక చిన్న జాగ్రత్త అవసరము. 2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లా విభజింపబడి గోరంట్ల శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అంతకు పూర్వపు లెక్కలు ఉమ్మడి జిల్లా పేరుతో ఉండును. పది సంవత్సరముల లెక్క కోరువారు రెండు జిల్లాల పేర్లను ప్రశ్నలో చేర్చనిచో, పాత అంకెలకును కొత్త అంకెలకును పొంతన కుదరక జవాబు నిష్ప్రయోజనమగును.

ఎవరిని అడుగవలెను

సరియైన ప్రశ్నను సరికాని సభలో అడిగినను ఫలము లేదు. రాజ్యాంగము ఏడవ షెడ్యూలు అధికారములను పంచినది. రైల్వేలు, తపాలా, రక్షణ కేంద్రమునకు చెందినవి. వ్యవసాయము, నీటిపారుదల, ప్రజారోగ్యము రాష్ట్రమునకు చెందినవి. విద్య 1976 నాటి 42వ సవరణ పిదప ఉమ్మడి జాబితాలో చేరినది.

మన ప్రాంతపు విషయములనే తీసికొందము. గోరంట్ల మండలములోని పాలసముద్రము వద్ద రెండు కేంద్ర సంస్థలకు భూములు కేటాయింపబడినవి. సుంకములు, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యముల నిరోధమున అధికారులకు శిక్షణ ఇచ్చు జాతీయ అకాడమీ 2024 జనవరి 16న ప్రారంభమైనది. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కర్మాగారమునకు 2015లో శంకుస్థాపన జరిగినను పని సంవత్సరముల తరబడి ముందుకు సాగలేదు. ఇట్టి జాప్యమునకు జవాబు చెప్పవలసినవారు రక్షణ మంత్రి. కావున ఆ విషయమున ప్రశ్న వేయవలసిన చోటు పార్లమెంటు. ఆ భూముల సేకరణలో రైతుకు రావలసిన పరిహారమును గూర్చియైనచో రాష్ట్ర రెవెన్యూ మంత్రిని శాసనసభలో అడుగవలెను. ఒకే పొలమునకు సంబంధించిన రెండు ప్రశ్నలు రెండు సభలకు పోవుచున్నవి.

వేరుశనగ రైతునకు ముఖ్యమైన పంటల బీమా ఇంకను చిక్కైనది. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము 2016లో కేంద్రము ప్రారంభించినది. దానిలో చేరుట, మానుట రాష్ట్రపు ఇష్టము. ఆంధ్రప్రదేశ్ 2020లో దానినుండి వైదొలగి 2022లో మరల చేరినది. ఇట్టి పథకములో కేంద్రమును మొత్తముగా అడిగినచో అమలు రాష్ట్రమునదనియు, రాష్ట్రమును అడిగినచో నిబంధనలు కేంద్రమువనియు జవాబు రావచ్చును. ఎవరి వంతు వారిని విడివిడిగా అడుగుటయే దీనికి విరుగుడు. కేంద్రము తన వాటా సొమ్ము ఏ తేదీన విడుదల చేసినది? రాష్ట్రము తన వాటాను ఏ తేదీన చెల్లించినది? ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టినచో ఆలస్యము ఎవరిదో చిన్నపిల్లవానికి కూడ తెలియును.

మన చిత్రావతి నది విషయమున ఈ సంబంధము మరింత పాతది. కర్ణాటకలో పుట్టి మన ప్రాంతముగుండా పారు ఈ ఏరు, 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వముల నడుమ కుదిరిన నదీజలముల ఒడంబడికలో పేర్కొనబడిన నదులలో ఒకటి. అనగా ప్రశ్నించు హక్కును ఇచ్చిన చట్టమును, మన ఏటి నీటిని గూర్చిన ఒడంబడికయు ఒకే సంవత్సరమున పుట్టినవి. ఎగువన కట్టు ఆనకట్టలను గూర్చి దిగువవారికి సందేహము కలిగినపుడు, రెండు రాష్ట్రముల విషయమగుటచే కేంద్ర జలవనరుల మంత్రిని పార్లమెంటులో అడుగుట సమంజసము. మన ఊరి చెరువు పూడికను గూర్చియైనచో ఢిల్లీ దాక పోనక్కరలేదు.

జవాబును చదువు విధము

లిఖితమైన జవాబు పొడిమాటలతో ఉండును. ఆ పొడిమాటలలో కొన్నివేల కుటుంబముల భవితవ్యము ఇమిడి ఉండవచ్చును. దీనికి మన విద్యార్థులకు దగ్గరి ఉదాహరణము ఒకటి కలదు.

ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు, జైనులు అను అల్పసంఖ్యాక వర్గముల పరిశోధక విద్యార్థులకు 2009లో మౌలానా ఆజాద్ పేరిట జాతీయ ఫెలోషిప్ ప్రారంభమైనది. ఎం. ఫిల్., పిహెచ్. డి. చేయువారికి అది ఆధారముగా ఉండెడిది. 2022 డిసెంబరు 8న కేరళకు చెందిన సభ్యులు టి. ఎన్. ప్రతాపన్ అడిగిన ప్రశ్నకు అల్పసంఖ్యాక వర్గముల మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభలో లిఖితముగా జవాబు ఇచ్చిరి. ఇతర ఫెలోషిప్పులతో కలిసిపోవుచున్నందున 2022–23 నుండి ఈ పథకమును నిలిపివేయుటకు నిర్ణయించినట్లు అందు చెప్పబడినది. 2014–15 నుండి 2021–22 వరకు 6,722 మంది ఎంపికయిరనియు, 738.85 కోట్ల రూపాయలు పంపిణీ అయినవనియు అదే జవాబులో కలదు.

ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యను చర్చ వేరు. ఈ వార్త దేశమునకు తెలిసినది ఒక లిఖిత ప్రశ్నవలన అనుట ఇచ్చట ముఖ్యము. చర్చించువారికి అంకెలు లభించినది కూడ ఆ జవాబుననే. ఆ తరువాత జరిగిన నిరసనలకును, ప్రభుత్వము అప్పటికే ఫెలోషిప్ పొందుచున్నవారికి కొనసాగునని ఇచ్చిన వివరణకును మూలము ఆ కొద్ది వాక్యములే.

“సమాచారము లేదు” అను జవాబు కూడ సమాచారమే. 2020లో కోవిడ్ కారణమున దేశమంతట లాక్‌డౌన్ విధించినపుడు వలస కూలీలు కాలినడకన స్వగ్రామములకు బయలుదేరిన దృశ్యము అందరకు తెలిసినదే. బెంగుళూరుకు కూలికి పోవు కుటుంబములు మన సీమలో తక్కువ కాదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 14న లోక్‌సభలో, స్వస్థలములకు తిరిగిపోవుచు మరణించిన వలస కూలీలు ఎందరని అడుగగా, అట్టి లెక్కలు లేవని కార్మిక మంత్రిత్వ శాఖ లిఖితముగా తెలిపినది. పరిహారమును గూర్చిన భాగమునకు, ఆ కారణముచే ప్రశ్న ఉత్పన్నము కాదనినది. లెక్క లేనిచో పరిహారము లేదను సంగతిని ఏ విమర్శకుడును ఇంత సూటిగా చెప్పియుండడు. ఆ జవాబుపై దేశమంతట చర్చ జరిగినది.

జవాబులలో తరచు కనిపించు కొన్ని పడికట్టు మాటలను కూడ గుర్తుపట్టవలెను. “విషయము పరిశీలనలో ఉన్నది”, “సమాచారము సేకరించి సభ ముందుంచబడును”, “తగు చర్య తీసికొనబడును” అనునవి వినువారికి దాటవేతలుగా తోచును. కాని లోక్‌సభలో 1953లో ఏర్పడిన ప్రభుత్వ హామీల సంఘము ఇట్టి మాటలను హామీలుగా పరిగణించి వ్రాసికొనును. సాధారణముగా మూడు నెలలలో అవి నెరవేరవలెను. లేనిచో శాఖ గడువు పెంపు కోరవలెను. రాష్ట్ర శాసనసభకును అట్టి సంఘము కలదు. కావున పరిశీలనలో ఉన్నదను జవాబు వచ్చినపుడు నిరాశ చెందక, ఆ తేదీని వ్రాసిపెట్టుకొని మూడు నెలల పిమ్మట అది ఏమైనదని అడుగుట వివేకవంతుల పని.

లోపములు

ఇంత మంచి సాధనము లోపరహితమైనదని భ్రమింపరాదు. డబ్బు పుచ్చుకొని ప్రశ్నలు వేయుటకు సిద్ధపడిన సభ్యుల బాగోతము 2005 డిసెంబరులో రహస్య చిత్రీకరణద్వారా బయటపడగా, లోక్‌సభ నుండి పదిమందియు రాజ్యసభ నుండి ఒకరును బహిష్కరింపబడిరి. ప్రశ్న ప్రజలదను సంగతి మరచినచో ఎంతటి పతనము కలుగునో ఇది తెలుపును.

ప్రభుత్వములు కూడ ప్రశ్నకు జంకిన సందర్భములు కలవు. 1975లో అత్యవసర పరిస్థితి విధించిన పిదప జరిగిన పార్లమెంటు సమావేశమున ప్రశ్నోత్తరముల సమయము రద్దయినది. 2020 సెప్టెంబరు సమావేశమున కోవిడ్ కారణముగా అదే జరిగినది. ఐతే గుర్తు లేని ప్రశ్నలకు లిఖిత జవాబులు మాత్రము ఇయ్యబడినవి. పైన చెప్పిన వలస కూలీల జవాబు ఆ సమావేశములోనిదే. నోటి ప్రశ్న మూగవోయినపుడు కూడ వ్రాత ప్రశ్న పలికినది.

పౌరుడు స్వయముగా సమాచారము కోరుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నదికదా, సభ్యుని ప్రశ్నతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. ఆ చట్టము కార్యాలయములో ఉన్న కాగితమును ముప్పది దినములలో ఇప్పించును. ఇకముందు ఏమి చేయుదురని, ఎప్పటికి చేయుదురని అడుగుటకు అది చాలదు. మంత్రి సభకు ఇచ్చు జవాబు ప్రభుత్వ విధానమును ప్రకటించును. తప్పని తేలినచో మంత్రియే సభలో దానిని సవరించుకొనవలెను. రెండింటిని జోడించుటయే మేలు. దరఖాస్తుచే కాగితము తెచ్చుకొని, ఆ కాగితము ఆధారముగా ప్రశ్న వేయించినచో జవాబు దాటవేయుట కష్టమగును.

మన కర్తవ్యము

లోక్‌సభ, రాజ్యసభల ప్రశ్నలు, జవాబులు నేడు అంతర్జాలమున ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. ఐతే అవి ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే ఉండును. పాలసముద్రపు రైతునకు, గోరంట్ల బజారులోని చేతిపనివానికి అవి ఉన్నను లేనట్లే. జవాబు సభకు చేరినంతమాత్రమున ప్రశ్న ప్రయోజనము తీరదు. అది ఎవరిని గూర్చి అడుగబడినదో వారికి చేరవలెను. ఈ దూరమును దాటించుటకు భాష తెలిసినవారు కావలెను.

రాజ్యాంగము 210వ అధికరణము, శాసనసభలో తన భావమును ఇతర భాషలలో చెప్పలేని సభ్యుడు మాతృభాషలో మాటలాడుటకు స్పీకరు అనుమతింపవచ్చునని చెప్పినది. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించుచు సవరణ చేసినది. చట్టములో భాషకు స్థానము లభించినది. దానిని వాడుకలో నిలుపు బాధ్యత చదువుకొన్నవారిది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును నేర్చు మన విద్యార్థులకంటె ఈ పనికి తగినవారెవరు?

కళాశాల కార్యవర్గము వారికి సవినయముగా రెండు సూచనలు చేయుచున్నాను. ఒకటి, మన గ్రంథాలయమున ఒక ప్రశ్నోత్తరముల పుస్తకమును ఉంచవలెను. గోరంట్ల మండలమునకును, జిల్లాకును, అల్పసంఖ్యాక వర్గముల విద్యకును సంబంధించి చట్టసభలలో వచ్చిన ప్రతి జవాబును విద్యార్థులు తెలుగులోను ఉర్దూలోను సంగ్రహించి, తేదీతో సహా అందు వ్రాయవలెను. పరిశీలనలో ఉన్నదని చెప్పిన వాటికి ఎదురుగా మూడు నెలల పిమ్మటి తేదీని ఎఱ్ఱసిరాతో గుర్తింపవలెను. దీనికి కావలసిన వ్యయము ఒక నోటుపుస్తకము ఖరీదు. రెండు, వార్షికోత్సవ దినములలో వక్తృత్వపు పోటీలతోపాటు ప్రశ్న వ్రాయు పోటీని కూడ పెట్టవలెను. 150 మాటలలో, ఒక్క నింద లేకుండ, తప్పించుకొనుటకు వీలులేని ప్రశ్న వ్రాసినవారికి బహుమతి ఇయ్యవలెను. వాటిలో శ్రేష్ఠమైనవానిని మన శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును పంపవచ్చును. నియోజకవర్గపు ప్రజలనుండి వచ్చిన విషయములను ప్రశ్నలుగా వేయుట సభ్యుల విధులలోనిదే.

విద్యార్థి సోదర సోదరీమణులారా! వాన మన చేతిలో లేదు. మన సీమకు పడు వర్షము తక్కువ. అది మనము అడిగినంతమాత్రమున పెరుగదు. కాని వచ్చిన కొద్దిపాటి నిధి, నీరు, విద్యావేతనము ఎచ్చటికి పోయినవో అడుగుట మన చేతిలోనిది. మర్యాద తప్పక, అంకె తప్పక అడుగుట నేర్చుకొనుడు. వచ్చిన జవాబును జాగ్రత్తగా చదివి, చదువురాని పొరుగువానికి అతని భాషలో చెప్పుడు. సవాలును జవాబును మన రెండు భాషలు పంచుకొన్నట్లే, ఆ బాధ్యతను కూడ మనమందరము పంచుకొందము.